దీనబంధు ఆండ్రూసుగారు: యుద్ధమునకు తలయొగ్గని క్రైస్తవుడు

మతవిషయములను గూర్చి మన విజయవాడ మిత్రులు సాయంకాలమున కూడుకొన్నప్పుడు క్రైస్తవులమీద తప్పక వచ్చు ఆక్షేపణ యొకటి కలదు. శత్రువును ప్రేమింపుమని బోధించిన గురుని పూజించు జాతులే లోకమున నెక్కువ నెత్తురు చిందించినవనియు, కొండమీది ప్రసంగమును చదివిన నోళ్లే సేనలను దీవించినవనియు వారి వాదము. ఈ వాదమును మేము పూర్తిగా త్రోసివేయజాలము. క్రీస్తుశకము మొదటి మూడు శతాబ్దములలో అనేక క్రైస్తవాచార్యులు సైన్యోద్యోగము క్రీస్తు శిష్యునకు తగదని యెంచిరి. నాలుగవ శతాబ్దమున రోము చక్రవర్తి కాన్‌స్టంటైను ఆ మతమును చేపట్టిన పిమ్మట సిలువగుర్తు సైనికులకు గుర్తయ్యెను. కొన్ని నిబంధనలకు లోబడి యుద్ధము చేయవచ్చునని అగస్టీను మొదలగు పండితులు సిద్ధాంతము చేసిరి. ఆ సిద్ధాంతమును సమ్మతింపని క్వేకరులు, మెనొనైటులు మొదలగు చిన్న శాఖలవారు పక్కకు తొలగి నిలిచిరి. అట్టివారు తెలుగుదేశమునకును క్రొత్తవారు కారు. 1889లో రష్యానుండి వచ్చి నల్లగొండ ప్రాంతమున మతసేవ ప్రారంభించిన అబ్రహాము ఫ్రీసెనుగారు ఆయుధము పట్టరాదను నియమముగల మెనొనైటు శాఖకు చెందినవారే.

అయినను తన శాఖానియమమునుబట్టి ఆయుధమును ముట్టనివాని కథ వేరు. పాలకజాతిలో పుట్టి, ఆ పాలకుల అధికారమతమున ఆచార్యపదవిని పొంది, అటుపిమ్మట ఆ రెండు ప్రవాహములకును ఎదురీదినవాని కథ వేరు. మేమిచ్చట వ్రాయబూనినది ఈ రెండవ విధమైన చరిత్రము.

చార్లెస్ ఫ్రీరు ఆండ్రూసుగారు 1871 ఫిబ్రవరి 12వ తేదీని ఇంగ్లండుదేశమున న్యూకాసిలు నగరమున జన్మించిరి. తలిదండ్రులకు పదునలుగురు సంతానము. తండ్రి యొక చిన్న క్రైస్తవశాఖలో మతగురువు. ఆ కుటుంబము బర్మింగుహాము నగరమున నివసించెను. తల్లికి పుట్టింటివలన వచ్చిన ఆస్తిని ధర్మకర్తగా కాపాడవలసిన స్నేహితుడొకడు దానిని జూదపు వ్యాపారమున పోగొట్టెను. ఒక్క దినముతో ఆ యింటికి పేదరికము వచ్చెను. ఆ రాత్రి కుటుంబప్రార్థన వేళ తండ్రి ఆ స్నేహితునికొరకే భగవంతుని వేడుకొనెను. పిల్లవాడైన చార్లెస్ అది వినెను. వృద్ధుడై తన జీవితకథను వ్రాసికొన్నప్పుడు ఆ రాత్రిని మరువలేదు.

న్యాయవాదులమైన మాకు ఈ యుదంతము తిన్నగా మింగుడుపడదు. నమ్మకద్రోహము శిక్షార్హమైన నేరము. అట్టి కక్షిదారు మా గదికి వచ్చినచో, కాలహరణము చేయక ఫిర్యాదు దాఖలు చేయుమని చెప్పుట మా వృత్తిధర్మము. మన డెల్టాలో బోదెనీటి వంతుకొరకు, జానెడు గట్టుకొరకు అన్నదమ్ములు తరములు తరములు కోర్టుమెట్లెక్కుట నిత్యము చూచుచున్నాము. ఒకప్పుడు దివిసీమనుండి క్రైస్తవుడగు ఉపాధ్యాయుడొకడు తలకు కట్టుతో మాయొద్దకు వచ్చెను. నీటితగవులో పొరుగురైతు పారతో కొట్టెను. అతని బంధువులే బలవంతముగా తీసికొనివచ్చిరి. ఫిర్యాదు సిద్ధముచేసి చేతికిచ్చితిమి. అతడు దానిని రెండుమారులు చదివి, సంతకము చేయక మడిచి బల్లమీద నుంచెను. అది పిరికితనమని మేము కొంత పరుషముగానే మందలించితిమి. ఆ యేడు అతని చేనికి నీరు రాలేదు, పైరు ఎండిపోయెను. అతడు ఒప్పో, మేము ఒప్పో నేటికిని మాకు నిశ్చయము కాలేదు. ఆండ్రూసుగారి చరిత్రమును చదువునప్పుడు ఆ తలకట్టు మా కన్నులయెదుట నిలుచుచుండును గనుక ఇచ్చట చెప్పితిమి.

విద్యాభ్యాసమును గూర్చి విస్తరింప నక్కరలేదు. బర్మింగుహాములోని ఎడ్వర్డురాజు పాఠశాలలోను, కేంబ్రిడ్జిలోని పెంబ్రోకు కళాశాలలోను చదివి, 1897లో ఆంగ్లేయ సంఘమున గురుపట్టము పొందిరి. దక్షిణ లండనులోని బీదల పేటలో కొంతకాలము పనిచేసిరి. ఢిల్లీలో సేవచేయుచు 1900లో విషూచికి బలియైన ప్రియమిత్రుడు బేజిలు వెస్టుకాటుగారి స్మృతి వారినీ దేశమువైపు లాగెను. 1904 మార్చి 20వ తేదీని ఈ దేశమున అడుగుపెట్టి, ఢిల్లీలోని సెయింటు స్టీఫెన్సు కళాశాలలో అధ్యాపకులైరి. ఆ దినమును తమ రెండవ జన్మదినముగా వారు చెప్పుకొనెడివారు. కళాశాలాధ్యక్ష పదవి ఖాళీ యైనప్పుడు, ఆంగ్లేయునకే ఈయవలెనన్న యధికారుల తలంపును వారు వ్యతిరేకించి, సుశీలకుమార రుద్రగారికి 1906లో ఆ పదవి దక్కునట్లు చేసిరి. తనకు రాగల యధికారమును తన క్రిందివాడని లోక మెంచినవానికి అప్పగించుట వారి జీవితమున ఇది మొదటిసారి.

1913లో దక్షిణాఫ్రికాయందు గాంధీగారి సత్యాగ్రహము తీవ్రమయ్యెను. మూడు పౌనుల తలపన్నును రద్దుచేయుమని నేటాలులోని గనికూలీలు పనిమానిరి. 2037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీగారి వెంట ట్రాన్సువాలు సరిహద్దు దాటిరని ఆయనయే లెక్కవ్రాసెను. వీరిలో తమిళులును మన తెలుగువారును పెక్కుమంది. ఆ యాత్రకు గనికూలీలు కూడిన నేటాలు పట్టణము పేరును న్యూకాసిలే! గోఖలేగారి కోరికమీద ఆండ్రూసుగారు, మిత్రుడు పియర్సనుగారితోకూడ బయలుదేరి, 1914 జనవరి మొదటి దినములలో దర్బానురేవున దిగిరి. గాంధీగారెవరని అడిగిరి. కాల్పులలో మరణించిన కూలీలకొరకు తలగొరిగించుకొని, కూలీబట్టలు ధరించి నిలిచియున్న సన్నని మనుష్యుని చూపిరి. ఆండ్రూసుగారు వెంటనే వంగి ఆ పాదములను తాకిరి. తెల్లవాడొకడు నల్లవాని కాళ్లంటెనని అచ్చటి తెల్లవారి పత్రికలు మండిపడినవి. జనరలు స్మట్సుతో జరిగిన సంప్రదింపులలో మాటలయొద్ద చిక్కు వచ్చినప్పుడు ఇరుపక్షములకును నడుమ తిరిగి ఒడంబడికను కుదుర్చుటలో వారు సాయపడిరి. ఆ దినములలోనే ఇంగ్లండున వారి తల్లి మరణించెను, కడసారి చూడలేకపోయిరి.

ఆ యేడే వారు పౌరోహిత్యమును వదలి, రవీంద్రనాథ ఠాకూరుగారి శాంతినికేతనమున చేరిరి. సంఘేతరులెల్ల నిత్యనరకమున పడుదురను విశ్వాసవాక్యములను తాము నమ్మనప్పుడు గురుపీఠమునుండి పఠించుట అసత్యమని వారి మనస్సాక్షి చెప్పెను. వారు క్రీస్తును విడువలేదు. జీతమును, పదవిని, తమవారి యాదరమును విడిచిరి.

అంతలో 1914 ఆగస్టున ఐరోపా యుద్ధము ప్రారంభమయ్యెను. ఇరుపక్షములవారును క్రైస్తవులే. ఇరుపక్షముల దేవాలయములలోను ఒకే దేవునికి జయప్రార్థనలు జరిగినవి. ఇంగ్లండున 1916లో నిర్బంధ సైన్యశాసనము వచ్చినప్పుడు సుమారు 16 వేలమంది మనస్సాక్షి కారణముగా ఆయుధము పట్టమనిరి. అందు పలువురు చెరసాల కేగిరి. ఆండ్రూసుగారి వయస్సును, స్థలమును వారిని ఆ శాసనమునుండి తప్పించినవి. అయినను వారు మౌనముగా నుండలేదు. శత్రువు ఎంత క్రూరుడైనను, తనపక్షము ఎంత న్యాయమైనదైనను, క్రీస్తు మాటలకును నరహత్యకును పొత్తు కుదరదని వారి నిశ్చయము. మన శిక్షాస్మృతి ఆత్మరక్షణహక్కును 96 మొదలు 106 వరకు గల సెక్షన్లలో ఒప్పుకొన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయందును ఆ హక్కు నిలిచియే యున్నది. ఈ హక్కును కొండమీది ప్రసంగముతో సమన్వయపరచుట ఏ న్యాయవాదికిని సాధ్యము కాదు. ఆండ్రూసుగారు ఆ సమన్వయమునకు యత్నింపనే లేదు. చట్టము అనుమతించునది వేరు, క్రీస్తు కోరునది వేరు అని రెంటిని విడివిడిగా నుంచిరి.

యుద్ధము జరుగుచుండగనే వారు మరియొక పోరాటమున దిగిరి. 1915లోను, మరల 1917లోను ఫిజీద్వీపములకు వెళ్లి, చెరకుతోటలలో ఒప్పందపు కూలీల దుస్థితిని విచారించిరి. 1879 మొదలుకొని సుమారు 60 వేలమంది భారతీయు లా ద్వీపములకు చేర్పబడిరి. 1903నుండి చెన్నపట్టణపు రేవునుండియు ఓడలు నడచినందున తెలుగుజిల్లాలవారును వారిలో చేరిరి. చదువురానివానిచేత ఐదేండ్ల కరారుమీద వ్రేలిముద్ర వేయించుకొని, పనికి రానినాడు నేరస్థుని చేసి శిక్షించు పద్ధతి అది. సివిలు కరారును ఉల్లంఘించుట క్రిమినలు నేరమగుట యెంతటి యన్యాయమో చట్టము చదివినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆండ్రూసు, పియర్సనుగార్ల నివేదిక 1916లో వెలువడెను. 1917లో కూలీల యెగుమతి నిలిచెను. 1920 జనవరి 1వ తేదీని ఫిజీలో మిగిలిన కరారులును రద్దయ్యెను. దీనబంధువను పేరు వారికి సార్థకమయ్యెను. ఆ ద్వీపములలో మిగిలిన మనవారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. అయితే ఆ నివేదికయందు కూలీస్త్రీల శీలమును గూర్చి వ్రాసిన మాటలు, తోటయజమానుల దోషమును బయలుపరచు తొందరలో, ఆ స్త్రీలకే అపకీర్తి తెచ్చునట్లున్నవని మా యభిప్రాయము. మంచివారి వ్రాతలోనైనను తూకము తప్పుట కలదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది 1918వ సంవత్సరపు వృత్తాంతము. ఆ యేప్రిలు నెలాఖరున రాజప్రతినిధి చెమ్సుఫర్డుగారు ఢిల్లీలో యుద్ధసభను పిలిచిరి. గాంధీగారికిని ఆహ్వానము వచ్చెను. ఇంగ్లండునకును ఇటలీకిని నడుమ రహస్యపు ఒడంబడికలు జరిగినవని ఆంగ్లపత్రికలలో వచ్చిన వార్తను ఆండ్రూసుగారు గాంధీగారి దృష్టికి తెచ్చి, ఇట్టి కుటిలరాజనీతితో కూడిన యుద్ధమునకు సత్యాగ్రహి యెట్లు తోడ్పడగలడని ప్రశ్నించిరి. గాంధీగారు రాజప్రతినిధితో మాటలాడి, సభకు వెళ్లి, సైన్యసమీకరణ తీర్మానమును ఒక్క హిందీవాక్యముతో బలపరచిరి. పిమ్మట ఖేడాజిల్లాలో గ్రామగ్రామము నడచి సేనలో చేరుడని బోధించిరి. కొన్ని నెలలక్రిందట శిస్తు ఉద్యమమున ఉచితముగా బండ్లిచ్చిన రైతులే ఇప్పుడు కిరాయికైనను బండి కట్టరైరి.

అప్పుడు మిత్రులిరువురకును నడచిన వాదము విచిత్రమైనది. భారతీయులు పూర్వమే రక్తదాహమును విడిచి మానవత్వమును వరించిన జాతియని, అట్టివారిని తుపాకి పట్టుమనుట తగదని ఆంగ్లేయుడనెను. మన పురాణములును చరిత్రమును అట్లు చెప్పుట లేదనియు, చంపుటకు శక్తిలేనివాని యహింస అహింస కాదనియు గుజరాతీయుడు బదులు చెప్పెను. గాంధీగారి తర్కమునందు బలము లేకపోలేదు. పిరికితనమునకు అహింసయని పేరుపెట్టుకొనుట మన దేశమున సులభమైన పాపము. దివిసీమ ఉపాధ్యాయుని మేము మందలించినప్పుడు పలికినదియు ఈ తర్కమే. కాని పరుని చంపుటకు మరియొకని ప్రోత్సహించి, దానివలన అతడు అహింసను నేర్చుకొనునని చెప్పుటలోని మెలికను ఆండ్రూసుగారు పట్టుకొనిరి. వారు గాంధీగారిని ఎంతగా ప్రేమించిరో అంత నిర్మొగమాటముగా ఆ విషయమున విభేదించిరి. 1929లో గాంధీగారి భావములను గూర్చి గ్రంథము ప్రకటించినప్పుడును ఆ విభేదమును దాచలేదు.

1919 ఏప్రిలు 13వ తేదీని అమృతసరస్సున జలియనువాలాబాగు హత్యాకాండ జరిగెను. వార్త తెలిసి బయలుదేరిన ఆండ్రూసుగారిని సైన్యాధికారులు అమృతసరస్సులో నిర్బంధించి వెనుకకు పంపిరి. సైనికశాసనము తొలగిన పిమ్మట మరల వెళ్లి, గ్రామములు తిరిగి, వాంగ్మూలములు వ్రాసికొనిరి. కొరడాదెబ్బలు తిన్న గ్రామపెద్ద యొకడు తన యవమానమును చెప్పుకొనుచుండగా, వారు వంగి అతని కాళ్లు పట్టుకొని తమ జాతి చేసిన తప్పును క్షమింపుమని వేడుకొనిరి. దర్బానురేవున గాంధీగారి పాదములంటిన చేతులే ఇవి. యుద్ధమును ఖండించు వ్యాసములు వ్రాయుట ఎందరికో చేతనగును. తన జాతి చేసిన తప్పును తన తప్పుగా నెత్తికెత్తుకొని ఒక పల్లెవాని యెదుట వంగుటను మేము మరియొకచోట చదువలేదు.

1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము మన బెజవాడలో సమావేశమయ్యెను. కోటి రూపాయల తిలకు స్వరాజ్యనిధి, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు జూను 30లోగా కావలెనని తీర్మానించిరి. ఆ జూలై 31వ తేదీని బొంబాయిలో విదేశవస్త్రముల పెద్దమంట వేయబడెను. ఆండ్రూసుగారు అప్పుడు ఖద్దరు ధరించుచుండిరి. అయినను ఒకరి చేతులు నేసిన బట్టను మంటలో వేయుట చూచి వారి మనస్సు కలతపడెను. బట్టలులేని బీదలుండగా కాల్చుట యేలయని వారి మొదటి ప్రశ్న. పరజాతీయుల చేతిపని యపవిత్రమను భావము ద్వేషమునకు విత్తనమగునని రెండవది. గాంధీగారు ఆ లేఖను తమ పత్రికలో సెప్టెంబరు 1వ తేదీని అచ్చువేసి, తమ సమాధానమును వ్రాసిరి, మంటలను మానలేదు. ఈ తగవులో న్యాయమెవరిదో చెప్పుట కష్టము. మన నేతగాండ్ర మగ్గములను పడగొట్టినది ఆ విదేశవస్త్రమే. మంటకు రైతుబిడ్డలలో పుట్టించిన యుత్సాహము ఉపన్యాసములకు లేదు. అయినను ఆండ్రూసుగారు చూచినది బట్టను కాదు, దానిని చుట్టుకొన్న మంటలో చూపరుల ముఖములను.

ఆ మాటకు పరీక్ష ఎంతో దూరమున జరుగలేదు. 1922 ప్రారంభమున కృష్ణకు దక్షిణమున గుంటూరుజిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిరాకరించిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. సైన్యమును దింపిరి, జప్తులు చేసిరి. రైతులు చేయి యెత్తలేదు. వందలమైళ్ల దూరమున చౌరీచౌరాలో ఫిబ్రవరి నెలలో పోలీసు ఠాణాను జనులు తగులబెట్టగా, గాంధీగారు ఉద్యమమును నిలిపివేసిరి. పెదనందిపాటి రైతులును శిస్తు కట్టవలసివచ్చెను. తాము చేయని హింసకు తాము మూల్యము చెల్లించితిమని ఆ ప్రాంతపు వృద్ధులు చెప్పుకొనుచుండగా మా పెద్దలు వినిరి. మంటను గూర్చి ఆండ్రూసుగారికి కలిగిన భయము నిరాధారము కాదని చౌరీచౌరా తెలిపినది. అది సర్వత్ర నిజము కాదని పెదనందిపాడు తెలిపినది.

తరువాతి సంవత్సరముల వృత్తాంతమును క్లుప్తముగా చెప్పెదము. 1921 మే నెలలో చాందుపురపు రైలుస్టేషనున గూర్ఖా సైనికులచే కొట్టబడిన అస్సాము తేయాకుతోటల కూలీలకు, వారిలో ప్రబలిన విషూచినడుమ ఉపచర్యలు చేసిరి. 1924లో హిందూ మహమ్మదీయ సఖ్యమునకై గాంధీగారు ఢిల్లీలో ఇరువదియొక్క దినములు ఉపవసించినప్పుడు పక్కనుండి కాపాడిరి. 1925లోను 1927లోను అఖిలభారత కార్మికసంఘ మహాసభ కధ్యక్షులైరి. రాజప్రతినిధులతో వారికి గల స్నేహమును జూచి ప్రభుత్వపు మనిషియని కొందరును, కాంగ్రెసుతోడి స్నేహమును జూచి రాజద్రోహియని కొందరును అనుమానించిరి. మంచిమాటతో ఏ యధికారి హృదయమైనను మారునను వారి నమ్మకము కొన్నిసార్లు అతిగానే యుండెనని మేమును ఒప్పుకొందుము.

యుద్ధవిషయమున వారి కడపటి పెద్దరచన 1937లో వెలువడిన వాయవ్య సరిహద్దును గూర్చిన గ్రంథము. 1932లో జెనీవాయందు నిరాయుధీకరణ మహాసభ జరుగుచుండగా, దూరప్రదేశములలో పోలీసు పనికై విమానములనుండి బాంబులు వేయు హక్కును బ్రిటిషు ప్రభుత్వము వదలుకొనుట కంగీకరింపలేదు. ఆ హక్కునకు గురియైనవారిలో సరిహద్దు కొండజాతులవారు నుండిరి. ఆ యభ్యాసమును ఆండ్రూసుగారు తీవ్రముగా ఖండించి, శాంతిమార్గముననే ఆ కొండజాతులతో స్నేహము సాధ్యమని వాదించిరి. యుద్ధప్రియులని లోకమెంచిన ఆ పఠానులలోనే ఖాను అబ్దుల్ గఫారుఖానుగారు 1929లో ఆయుధములేని ఖుదాయి ఖిద్మత్‌గారు దళమును స్థాపించియుండిరి.

1940 ప్రారంభమున వారికి జబ్బు ముదిరి కలకత్తాలోని ఆసుపత్రిలో చేరిరి. ఫిబ్రవరిలో గాంధీగారు వచ్చి చూచి వెళ్లిరి. శస్త్రచికిత్స ఫలింపక, ఏప్రిలు 5వ తేదీని పరమపదించిరి. లోయరు సర్క్యులరు రోడ్డు శ్మశానమున ఖననము చేసిరి. నాలుగు దినములు గడచి, 9వ తేదీని జర్మనుసేనలు డెన్మార్కు, నార్వేదేశములలో ప్రవేశించినవి. అక్టోబరు 17వ తేదీని గాంధీగారు, యుద్ధమునకు జనమునుగాని ధనమునుగాని ఇచ్చుట తప్పని చాటు వ్యక్తిసత్యాగ్రహమును వినోబాభావేగారితో ప్రారంభించిరి. 1918లో ఖేడాబాటలందు నడచిన ఆ గాంధీగారి నోట ఈ మాటను వినుటకు ఆండ్రూసుగారు లేకపోయిరి.